పక్కవాళ్ళ పాట

"టీవీలో పాటలు తగ్గాయంటావేమిటమ్మా, ఇరవైనాలుగ్గంటలూ పాటల ఛానళ్ళే ఉంటేనూ!" అంటారు మా పక్కింటి పిన్నిగారు. నిజమే. కానీ ఇంటిల్లిపాదీ చూసే ఛానల్లో, అందరూ తీరిగ్గా కూర్చునే వేళ, పాట కోసమే పాట వేసే కార్యక్రమాలు ఎన్నున్నాయి చెప్పండి?

హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. నా చిన్నతనంలో శుక్రవారం సాయంత్రం చిత్రలహరి అంటే ఇంట్లో పనులన్నీ ఆగిపోవలసిందే. నాన్నగారికి ఘంటసాల కావాలి, అన్నయ్యకి చిరంజీవి డాన్సులు కావాలి, నాకు సుశీల. ఎవరి పాట వచ్చేదాకా వాళ్ళు తక్కినవాళ్ళ పాటలు వినక తప్పేది కాదు. అలా తప్పక విన్న నాన్నగారి పాటలే ఇవాళ నాకు కంఠతా వచ్చు.

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' వచ్చింది. అదీ పోటీయే. అయినా బాలసుబ్రహ్మణ్యంగారు పిల్లల తప్పులు దిద్దుతూ, పాట రాసినవారి గురించీ బాణీ కట్టినవారి గురించీ నాలుగు మాటలు చెప్పేవారు. 2020లో ఆయన వెళ్ళిపోయారు. ఇప్పుడు చాలా పోటీల్లో పాటకంటే కేకలూ, కన్నీళ్ళూ, మార్కులే ఎక్కువ.

పాటేమో ఫోన్లోకి చేరింది. అడిగిందే తడవు పలుకుతుంది, కాదనను. కానీ అడగని పాట చెవినపడేదెలా? "ఏం వింటున్నావే?" అంటే, "నీకు నచ్చదులే అమ్మా" అంటుంది మా అమ్మాయి.

అందుకే ఆదివారం రాత్రి భోజనాలయ్యాక తలా ఒక పాట అందరికీ వినిపించాలని మా ఇంట్లో రూలు పెట్టాను. మొదటివారం అమ్మాయి పాట మొదలవగానే మావారు మెల్లిగా లేవబోయారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.