బెల్లం లెక్క... మిగిలిందే లెక్క!

సంక్రాంతి దాటాక చిత్తూరు చుట్టుపక్కల ఏ దారి పట్టినా ముందు ముక్కుకే తెలుస్తుంది. పూతలపట్టు, పెనుమూరు, ఐరాల, తవణంపల్లె, గంగాధర నెల్లూరు... ఏ మామిడితోపు వెనక నుంచో పొగ లేస్తుంటుంది. గాలి నిండా పాకం వాసన. అక్కడ గానుగ ఆడుతోందన్నమాట!

దగ్గరికెళితే కనిపించేది పెద్ద సరంజామా ఏం కాదు. కరెంటు మోటారుతో తిరిగే గానుగ, పక్కనే పొయ్యి, దానిమీద నలుగురు పట్టి దించేంత పెద్ద పెనం. ఎండిన చెరకు పిప్పే వంటచెరకు. రసం కాగుతుంటే చిటికెడు సున్నం వేస్తారు, పైకి తేలిన మడ్డి తీసేస్తారు. పాకం చిక్కబడి, నీళ్లలో వేస్తే ఉండ కట్టేదాకా ఒక మనిషి కళ్లు పెనం మీదే ఉంటాయి. ఆ క్షణం దాటితే మాడు. ముందే దించితే ముద్ద కట్టదు. ఈ పనికి కొలత పరికరమంటూ ఏదీ లేదు. కన్నూ, చెయ్యే కొలత.

ఇంతకీ జిల్లాలో ఏటా ఎంత బెల్లం తయారవుతుంది?

ప్రశ్న చిన్నదే. కాగితాల మీద జవాబూ ఉంటుంది. కానీ ఆ అంకె ఎక్కడ తూకం వేస్తే వచ్చిందని అడిగితేనే చిక్కు. బియ్యానికి మిల్లుంది, పాలకి డెయిరీ ఉంది, చక్కెరకి ఫ్యాక్టరీ గేటు దగ్గర వేబ్రిడ్జి ఉంది. పొలంలో పుట్టి, పొలంలోనే వండిన బెల్లానికి గేటెక్కడ?

అందుకే మన దేశంలో బెల్లాన్ని లెక్కపెట్టరు, లెక్కగడతారు. ముందు చెరకు విస్తీర్ణం రాస్తారు. ఒకప్పుడు కరణం అడంగల్లో రాసేవాడు, ఇప్పుడు ఈ-పంటలో ఎక్కిస్తున్నారు. ఆ తర్వాత లాటరీ పద్ధతిలో ఎంచిన కొన్ని పొలాల్లో చిన్న ముక్క కొలిచి, కోసి, తూచి, ఎకరాకి దిగుబడి ఇంత అని తేలుస్తారు. రెండూ గుణిస్తే మొత్తం చెరకు. దాన్లోంచి ఫ్యాక్టరీలు ఆడిన చెరకు తీసేస్తారు. విత్తనానికీ, పశువులకీ, జనం నమిలి పారేసిందానికీ ఇంతని కొట్టేస్తారు. చివరికి మిగిలిందంతా బెల్లానికీ, ఖండసారికీ వెళ్లినట్టు. పది టన్నుల చెరకుకి ఒక టన్ను బెల్లం... లెక్క పూర్తి!

చూడ్డానికి పద్ధతిగానే ఉంది. కానీ ఒక్కసారి వేళ్లమీద వేసి చూడండి. ఒక ఊళ్లో 100 టన్నుల చెరకు పండిందని రాశారనుకుందాం. ఫ్యాక్టరీకి 60 వెళ్లింది. విత్తనం వగైరాలకి 12. మిగిలింది 28. అసలు పండింది 90 టన్నులే అయితే? ఫ్యాక్టరీ తూకం మారదు, విత్తనమూ మారదు. కోత పడేదంతా బెల్లం మీదే. 28 కాస్తా 18 అవుతుంది. చెరకు దగ్గర పదో వంతు తప్పు, బెల్లం దగ్గరికొచ్చేసరికి మూడో వంతు దాటిపోయింది. పైవాళ్లందరి పొరపాట్లూ మోసేది ఆఖర్న నిలబడ్డవాడే!

పోనీ ఆ 'పదికి ఒకటి' అయినా నిక్కచ్చిదా? గానుగ దగ్గర ఎవర్నడిగినా నవ్వుతారు. ముదరని చెరకు ముందే కొడితే పది టన్నులకి టన్ను రాదు. ఎండలు మొదలయ్యాక బాగా పండిన తోటకి ఇంకాస్త ఎక్కువే రావొచ్చు. మొక్క తోట వేరు, కార్శి తోట వేరు. ఎర్రకుళ్లు తెగులు తగిలితే చెప్పనే అక్కర్లేదు. తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లెలో చెరకు మీద పరిశోధనా కేంద్రమే ఉంది. ఏ రకానికి ఎంత రసం, ఎంత తీపి అన్నది అక్కడ తూచే చూస్తారు. పల్లెలోని పెనానికి ఆ భాగ్యం లేదు.

ఇదే తంటా ఉన్న సరుకు ప్రపంచంలో ఇంకోటుంది. కెనడాలో మేపుల్ చెట్టుకి కన్నం పెట్టి, కారిన రసాన్ని కాచి సిరప్ చేస్తారు. దాదాపు 40 లీటర్ల రసానికి ఒక్క లీటరు. మన బెల్లానికి దూరపు చుట్టమే! ప్రపంచం మొత్తానికి కావలసిన సిరప్‌లో మూడింట రెండొంతులకు పైగా క్యుబెక్ రాష్ట్రానిదే. అక్కడ రైతుల సమాఖ్య ఎవరెంత తీయాలో కోటా పెట్టి, టోకు సరుకుని పీపాల్లో తూచి, కరువు కాలానికి గోదాముల్లో నిల్వ కూడా ఉంచుతుంది. మరి ఆ లెక్క గట్టిదేనా అంటే... 2012లో నిల్వ తనిఖీకి వెళితే కొన్ని పీపాల్లో సిరప్‌కి బదులు నీళ్లున్నాయి. తవ్వితే దాదాపు 3 వేల టన్నులు మాయం! విలువ 1.8 కోట్ల కెనడా డాలర్లు. అయితే ఒక్క మాట. పోయిందని తెలిసింది కూడా లెక్క ఉండబట్టే. బెల్లం ఒక ఏడు తగ్గితే, తగ్గిందని చెప్పడానికైనా మన దగ్గర పుస్తకం ఉండాలి కదా.

చిత్తూరుకి అలాంటి పుస్తకం కొంతవరకు ఉండేది. చిత్తూరు సహకార చక్కెర కర్మాగారం, రేణిగుంట పక్కన గాజులమండ్యంలోని శ్రీ వెంకటేశ్వర సహకార చక్కెర కర్మాగారం నడిచిన రోజుల్లో ఫ్యాక్టరీ మనుషులు తోట తోటకీ తిరిగి ఏ రైతుకి ఎన్నెకరాలో రాసుకునేవారు. ఆ లెక్క మీదే కటింగ్ ఆర్డర్లు. ప్రభుత్వం రాసిన ఎకరాలు ఒకవైపు, ఫ్యాక్టరీ రాసినవి ఇంకోవైపు. రెండింటికీ పొంతన కుదరకపోతే ఎక్కడో తేడా ఉందని తెలిసేది. ఆ రెండు ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. రైతులకి పోయింది చెరకు కొనే దిక్కొక్కటే కాదు, ఆ రెండో పుస్తకమూ పోయింది. ఫ్యాక్టరీకి వెళ్లాల్సిన చెరకు గానుగకి మళ్లేకొద్దీ, తూకం పడే భాగం తగ్గి అంచనా భాగం పెరుగుతుంది. దీనికి తోడు 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి జిల్లా ముక్కలైంది. గాజులమండ్యం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఇప్పటి 'చిత్తూరు జిల్లా' అంకెని 2010 నాటి 'చిత్తూరు జిల్లా' అంకె పక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అంటే అది మామిడిపండుని, మామిడితోపుని పోల్చినట్టే.

మరి మార్కెట్ యార్డు ఉందిగా అంటారు. ఉంది. యార్డుకొచ్చిన సరుకు మీద సెస్సు పడుతుంది, రశీదుల నుంచి రాబడి లెక్క తేలుతుంది. కానీ అది వచ్చిన బెల్లం లెక్కే, చేసిన బెల్లం లెక్క కాదు. చిత్తూరు నుంచి వేలూరు 40 కిలోమీటర్లు కూడా లేదు. 1911లో చిత్తూరు జిల్లా పుట్టకముందు ఈ సీమంతా ఉత్తర ఆర్కాటు. గీత గీసినంత మాత్రాన పాత బేరాలు ఆగుతాయా! మన బెల్లం వేలూరు మండీకి చేరితే అక్కడి రాబడిలో కలుస్తుంది. మన చెరకు తమిళనాడు ఫ్యాక్టరీలో తూకం పడితే, ఇక్కడి అంచనాలో దాన్నీ తీసెయ్యాలి. తీసెయ్యకపోతే, ఆ చెరకంతా ఇక్కడే బెల్లమైనట్టు రాసుకుంటాం. అక్కడ చక్కెర, ఇక్కడ బెల్లం... ఒకే గడకి రెండు బతుకులు.

నల్లబెల్లం సంగతి ఇంకో కథ. నాటుసారా బట్టీలకి వెళ్లేది అదే కాబట్టి ఎక్సైజ్ వాళ్ల కన్ను దానిమీద ఎప్పుడూ ఉంటుంది. 1995లో మద్యనిషేధం పెట్టి 1997లో సడలించాక కూడా ఆ కన్ను పక్కకి తిరగలేదు. రంగు తక్కువైన పాపానికి మంచి బెల్లం చేసిన రైతూ భయపడాల్సిందే. భయమున్న చోట చీటీ ఉండదు. చీటీ లేని చోట లెక్క ఉండదు.

లెక్క లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి పక్కనున్న మామిడితోటే చాలు. 2025లో తోతాపురి ధర కుప్పకూలింది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలనీ, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందనీ నిర్ణయించారు. ఆ 4 రూపాయలు చాలాయా అన్నది వేరే గొడవ. కానీ ఇవ్వడానికి ఒక దారుంది. పండు గుజ్జు ఫ్యాక్టరీకో, మార్కెట్‌కో వెళ్లి తూకం పడింది కాబట్టి రైతు పేరు, కిలోలు కాగితం మీదున్నాయి. బెల్లం ధర అలాగే పడిపోతే? గానుగ దగ్గర ఏ కాగితం చూసి ఎవరికి ఎంత ఇస్తారు? మూసిన ఫ్యాక్టరీ తెరవాలన్న మాట వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: చెరకు ఎంత దొరుకుతుంది? బెల్లానికి వెళ్లేదెంతో తెలియకుండా దానికీ జవాబు లేదు. పైగా బోర్లు ఎండినప్పుడల్లా చెరకు తీసి మామిడి పెట్టేవాళ్లు ఈ సీమలో ఎప్పుడూ ఉన్నారు.

కేంద్రం 2025 మే నెలలో తెచ్చిన కొత్త చక్కెర నియంత్రణ ఉత్తర్వు రోజుకి 500 టన్నులకు మించి చెరకు ఆడే ఖండసారి యూనిట్లని మొదటిసారి పరిధిలోకి తీసుకుంది. మామిడితోపు వెనక గానుగ రోజుకి ఆడేది దాంట్లో పిసరంత. దాని జోలికి ఏ ఉత్తర్వూ రాలేదు. వస్తే బాగుంటుందా అని రైతునడిగితే ఠక్కున ఔననడు. లెక్క రాసేవాడి వెనకే వసూలు చేసేవాడూ వస్తాడేమోనని ఆయన అనుమానం. తీసిపారేయాల్సిన అనుమానం కాదది.

పొద్దుగుంకే వేళకి ఆఖరి పెనం దించుతారు. పాకాన్ని చెక్కతొట్టిలోకి వంచి, తెడ్డుతో తిప్పి, చల్లారుతుండగా ముద్దలు కడతారు. తెల్లారేసరికి బండి సిద్ధం. చిత్తూరా, వేలూరా అన్నది రాత్రి ఫోన్లో ఎవరు అర్ధరూపాయి ఎక్కువ చెబితే వాళ్లవైపు.