ఓరుగల్లు కోట – నా సైకిలు

పిల్లలూ! మీలో కొందరు వరంగల్లు చూచి ఉంటారు. చూడనివాళ్ళు ఇవాళ నాతో రండి. నేను సైకిలు తొక్కుతాను, మీరు వెనక కూర్చున్నారనుకోండి.

వరంగల్లు రైలు స్టేషను దగ్గర బయలుదేరి, పట్టాల కింది వంతెన దాటి, శివనగర్ మీదుగా పోతే కొంతసేపటికి ఒక పెద్ద మట్టి కట్ట కనిపిస్తుంది. గడ్డీ చెట్లూ మొలిచి ఉండడంవల్ల కొత్తవాళ్ళు దాన్ని చెరువుకట్ట అనుకుంటారు. కాదు, అది కాకతీయుల మట్టి కోట. ఇంకా ముందుకు పోతే రాతి కోట. దాని లోపల ఒక ఊరే ఉన్నది. పేరు ఖిలా వరంగల్. మీరు బొమ్మలలో చూచే నాలుగు శిలాతోరణాలూ, ఖుష్‌మహలూ అక్కడివే. మా ఇల్లు కూడా అక్కడే.

నేను పట్నంలో బడిపంతులుగా, తరువాత హెడ్మాస్టరుగా పనిచేశాను. ముప్ఫైమూడేళ్ళపాటు పొద్దున రెండు కోటలు దాటి బడికి, సాయంత్రం రెండు కోటలు దాటి ఇంటికి సైకిలు మీదనే వచ్చేవాణ్ణి. తల మీద ఏమీ ఉండేది కాదు. సైకిలుకు హెల్మెట్టు అనే మాటే అప్పుడు మా ఊళ్ళో ఎవరూ వినలేదు.

ఇదిగో, రాతి కోట ద్వారం వచ్చింది. మన ఇంటి గుమ్మంలాగా ఇందులో నేరుగా పోవడానికి వీలు లేదు. లోపలికి పోగానే ఎదురుగా గోడ అడ్డం వస్తుంది. పక్కకు తిరిగితేగాని దారి దొరకదు. శత్రువుల గుర్రాలూ ఏనుగులూ ఒక్క ఊపున దూసుకు రాకుండా కావాలనే ఇట్లా కట్టారు. శత్రువులు పోయినా మలుపు అట్లాగే ఉన్నది. అవతలినుంచి ఏమి వస్తున్నదో ఇవతలివాడికి కనపడదు.

1998 జూలైలో ఒకనాడు ముసురు పట్టింది. బడికి ఆలస్యమవుతున్నదని నేను తొందరగా తొక్కుతున్నాను. మలుపులో ఒక గేదె ఎదురు వచ్చింది. బ్రేకు పట్టాను. తడి రాళ్ళమీద చక్రం జారింది. నాకు అంతవరకే జ్ఞాపకం.

కళ్ళు తెరిచేటప్పటికి ఆసుపత్రిలో ఉన్నాను. మా తరగతి పిల్లలు నలుగురు మంచం పక్కన నిలబడి, "నమస్తే సార్" అన్నారు. ముఖాలు తెలిసినవే, కాని పేర్లు రాలేదు! హాజరుపట్టీ చూడకుండా నలభైరెండు పేర్లు వరసగా పిలిచే నాకు ఆనాడు ఒక్క పేరూ నోట రాలేదు. ఒక కుర్రవాడు, "నేను సార్, రోజూ సుద్దముక్కలు తెచ్చేటోణ్ణి," అంటూ ఏడ్చేశాడు. వాడి పేరు నాకు మూడు వారాల తరువాతగాని జ్ఞాపకం రాలేదు.

"ఎముక పగలలేదు, అదృష్టవంతులు" అన్నారు డాక్టరుగారు. ఎముక పగలకపోతే పేర్లు ఎట్లా పోయాయి? నాకు ఈ ప్రశ్న చాలాకాలం పట్టుకున్నది. దాని జవాబు రోజూ నేను దాటే గోడలలోనే ఉన్నది.

రాతి గోడను గణపతిదేవుడు మొదలుపెట్టగా, ఆయన కుమార్తె రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేయించింది. అంత గట్టి గోడ ఉండగా, దాని బయట మట్టి గోడ కూడా కట్టించింది. ఎందుకు? గట్టి వస్తువు దెబ్బను అడ్డుకుంటుంది. మెత్తని వస్తువు కొంచెం లోపలికి పోయి దెబ్బను మింగుతుంది. 1310లో మాలిక్ కాఫుర్ సైన్యం ముట్టడించిన ఈ మట్టి కోట, యంత్రంతో రాయి విసిరినా అది ఎగిరి వెనక్కి పోయేటంత గట్టిదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు.

మన పుర్రె రాతి కోటవంటిది. లోపల సుమారు కిలోన్నర బరువుగల మెదడు నీటివంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. సైకిలు మీదినుంచి పడ్డప్పుడు పుర్రె రాతికి తగిలి ఠక్కున ఆగుతుంది. మెదడు మాత్రం ఆగక, పోయి లోపలి గోడకు కొట్టుకుంటుంది. కోట చెక్కుచెదరకపోయినా లోపలి ఊరు అల్లకల్లోలం అవుతుంది. నా పేర్లన్నీ పోయింది ఇందుకే.

"నేను మెల్లగానే పోతాను గదా" అంటారేమో. లెక్క చూడండి. సైకిలు మీద కూర్చున్నవాడి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి పడే వస్తువు నేలను తాకేసరికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కాబట్టి ఆగి ఉన్న సైకిలు మీదినుంచి పడ్డా దెబ్బ దెబ్బే.

హెల్మెట్టు మన తలకు మట్టి కోట. దాని లోపల థర్మోకోలు జాతి నురగ అంగుళం మందాన ఉంటుంది. పడ్డప్పుడు అది నలిగి, తలను ఒక్కసారిగా కాక కొంచెం దూరంలో ఆపుతుంది. వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి తీస్తారు చూడండి, అదే సూత్రం. ఆగే దూరం పదింతలైతే దెబ్బ బలం పదోవంతు అవుతుంది.

ఈ సంగతి లోకానికి తెలియడానికి ఒక మరణం కారణమైంది. 1935లో ఇంగ్లండులో టి. ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికుడు మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు పోయాడు. ఆయనకు వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే డాక్టరు ఒకరు. ఆ చావు ఆయనను నిద్రపోనివ్వలేదు. మోటారు సైకిలు ప్రమాదాలను పరిశీలించి, హెల్మెట్టు ప్రాణాలు నిలుపుతుందని 1941లో ప్రకటించాడు.

ఇంత చెప్పే నేను ఏం చేశానో నిజం చెప్పాలి. పడి లేచిన తరువాత కూడా చాలా ఏళ్ళు ఒట్టి తలతోనే తొక్కాను. "సారు నెత్తిమీద గిన్నె బోర్లించుకున్నడు" అని నవ్వుతారని భయం! చివరికి మా మనుమరాలు సైకిలు మీద బడికి పోవడం మొదలుపెట్టింది. హెల్మెట్టు పెట్టుకోమంటే, "నువ్వు పెట్టుకోవు గదా తాతయ్యా!" అన్నది. ఆ సాయంత్రమే రెండు హెల్మెట్లు కొన్నాను.

మొన్న ఒక కుర్రవాడు ఆపి అడిగాడు: "సైకిలుకు హెల్మెట్టెందుకు సార్? పోలీసోళ్ళు పట్టుకోరు గదా!" వాడన్నది నిజమే. మన చట్టం మోటారు సైకిలుకే హెల్మెట్టు తప్పదన్నది. కాని నేల చట్టం చదివి తలను కొట్టదు నాయనా, అన్నాను. నెదర్లాండ్స్‌లో చాలామంది ఒట్టి తలతో తొక్కుతారు. అక్కడ సైకిళ్ళకు వేరే బాటలు ఉన్నాయి. మనం లారీలతో, ఆటోలతో ఒకే రోడ్డు పంచుకుంటున్నాము.

హెల్మెట్టు కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్టు తలకంటె ముందే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ వాడరాదు. నలిగిన నురగ మళ్ళీ లేవదు.

ఒక్క మాట మరవకండి. అంత గొప్ప కోట కూడా 1323లో ఢిల్లీ సేనల పాలైంది. గోడ ఉన్నదిగదా అని కాపలా మానరాదు. అందుకే నేను ఇప్పటికీ ఆ మలుపు దగ్గర వేగం తగ్గించి, గంట కొట్టి, అవతలినుంచి ఎవరూ రావడం లేదని చూచుకొనిగాని తిరగను. నా వెనక మా మనుమరాలి గంట కూడా వినిపిస్తుంది.