జీపుకి కూడా ఊపిరి కావాలి



ఈసారి గోడపత్రికకి అందరూ పండగల మీద, చెట్ల మీద రాసేరు. నేను జీపు ఇంజను మీద రాస్తున్నాను. ఆడపిల్లకి ఇంజనుతో ఏం పని అని నవ్వకండి. చివరిదాకా చదవండి.

ఇంజను డీజిలు తాగుతాది, పెట్రోలు తాగుతాది అని అందరికీ తెలుసు. కాని దానికి అంతకంటే ఎక్కువ కావలసింది గాలి. పొయ్యిలో ఎన్ని కట్టెలు పెట్టినా గొట్టంతో ఊదకపోతే పొగే గాని మంట రాదు కదా! ఇంజను కూడా అంతే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. లెక్క కడితే ఒక లీటరు పెట్రోలుకి దాదాపు 9 వేల లీటర్ల గాలి. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 45 నిండుతాయి.

నిరుడు మా పిన్నికి నొప్పులొచ్చేయి. మా ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకొచ్చి జీపు ఎక్కించేరు. మిట్ట సగం ఎక్కేక జీపు నల్లగా పొగ కక్కి ఆగిపోయింది. డ్రైవరన్న ఎంత తొక్కినా పొగే గాని బలం లేదు. పిన్ని తప్ప అందరూ దిగి తోసేరు. తల్లీ బిడ్డా బతికేరు, అదే మా అదృష్టం.

మా మావయ్య గాజువాక ఆటోనగర్‌లో లారీల షెడ్డులో పని చేస్తాడు. పండక్కి ఊరొచ్చినప్పుడు ఆ జీపు ఎయిర్ ఫిల్టరు విప్పేడు. అది మట్టి పట్టి బెల్లం దిమ్మలా ఉంది! "నల్ల పొగ అంటే డీజిలుకి సరిపడా గాలి అందలేదని" అని చెప్పేడు. కొత్త ఫిల్టరు వేసేక అదే జీపు అదే మిట్ట తోయకుండా ఎక్కింది.

సెలవుల్లో నేను మావయ్య షెడ్డుకి వెళ్ళేను. విశాఖ పోర్టు నుంచి బొగ్గు, ఇనుప ఖనిజం మోసే లారీలు అక్కడికొస్తాయి. ఫిల్టర్లలోంచి నల్ల పొడి, ఎర్ర పొడి రాలతాది. నేను అక్కడ నేర్చుకున్నవి ఇవి.

ఒకటి, శుభ్రమైన గాలి. కాగితం ఫిల్టరుని లోపల్నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టి దులపాలి. చిరిగితే మార్చాలి. ఎక్కువ గాలొస్తాదని కొందరు ఫిల్టరే తీసేస్తారు. అప్పుడు దుమ్ము లోపలికి పోయి పిస్టను రింగుల్ని అరగదీస్తాది.

రెండు, చల్లటి గాలి. వేడి గాలి పల్చన. 30 డిగ్రీల గాలి కంటే 60 డిగ్రీల గాలి సుమారు పదో వంతు తక్కువ బరువు. అందుకే గాలి పైపు మూతి ఇంజను వేడికి దూరంగా ఉండాలి. కాని మరీ కిందికి పెట్టకూడదు. వాగు దాటేటప్పుడు నీళ్ళు పీలిస్తే ఇంజను విరుగుతాది.

మూడు, పైపు ఎక్కడా పగలకూడదు, క్లిప్పు వదులవకూడదు. లావు పైపు పెడితే బలం పెరుగుతాదని కుర్రోళ్ళు అనుకుంటారు. మెల్లగా మిట్ట ఎక్కేటప్పుడు లావు పైపులో గాలి జోరు తగ్గిపోతాది. మనకి కావలసింది పరుగు కాదు, లాగే బలం.

నాకొక అనుమానం వచ్చింది. స్టీల్ ప్లాంటులో 1990లో మొదలైన "గోదావరి" అనే బ్లాస్ట్ ఫర్నేసు ఉంది. దానిలోకి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి గాలి ఊదుతారు. మరి అక్కడ వేడి ఎందుకు మంచిది? సైన్సు మాస్టారు చెప్పేరు. అక్కడ పెద్ద బ్లోయర్లు కావలసినంత గాలి బలవంతంగా ఊదుతాయి, ఆ వేడి వల్ల బొగ్గు కలిసొస్తాది. జీపులో సిలిండరు గది అంతే ఉంటాది, దాంట్లో చల్లటి గాలే ఎక్కువ పడతాది.

మన కొండలకి ఇంకో కష్టం. అరకు రైలు దారిలో శిమిలిగూడ స్టేషను సముద్రం కంటే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో గాలి సుమారు పదో వంతు తక్కువ. కరెంటు రైలింజను గాలి పీల్చి మండించదు కాబట్టి దానికి బాధ లేదు. కొత్త జీపులకి టర్బో ఉంటాది, గాలిని నొక్కి పంపుతాది. పాత జీపులకి ఏదీ లేదు. అందుకే మైదానంలో నడిచే జీపు కంటే మన జీపుకే ఫిల్టరు ఎక్కువ చూడాలి.

పది పాసయ్యేక ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చదువుతానని ఇంట్లో చెప్పేను. మా అమ్మ నవ్వింది. నాన్న మాత్రం "చదువు" అన్నాడు. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు.

మా ఊరి డ్రైవరన్నకి చదువు రాదు. అందుకని ఫిల్టరు విప్పడం, దులపడం, బిగించడం మూడు బొమ్మలుగా గీసేను. అవి ఈ కాగితం కింద అంటించేను. సెలవులకి వెళ్ళేటప్పుడు కావలసినవాళ్ళు చూసి గీసుకోండి. మీ ఊరి జీపుకి కూడా పనికొస్తాయి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి