విలన్ మా నాన్నే!

ఈ వ్యాసంలో బూతులున్నాయి. అన్నీ ఫ్రెంచివే కాబట్టి ఎడిటరుగారు కత్తెర వెయ్యరని నా ధైర్యం.

బి.ఎస్సీ.లో ఫ్రెంచి తీసుకున్నది మార్కుల కోసమే. హాస్టల్లో చేరిన వారానికే నాకు 'బైతు' అని పేరు పెట్టారు. తిరిగి అనడానికి ఎవరికీ అర్థంకాని తిట్టొకటి కావాలి. లైబ్రరీలో లావుపాటి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను.

'మెర్ద్' అంటే మలం. లాటిన్ 'మెర్దా' నుంచి తిన్నగా వచ్చింది. ఇన్ని శతాబ్దాలైనా వాసన మారలేదు! 'బూగ్ర్' అంటే మొదట్లో బల్గేరియావాడనే అర్థం. అక్కడి బోగొమిల్ మతస్థులు చర్చికి గిట్టలేదు. దాంతో ఆ పేరు మతద్రోహికి అంటుకుని, తర్వాత పచ్చిబూతై, చివరికి అరిగిపోయి ఉత్త 'వాడు' అయింది.

ఇంకాస్త వెతికేసరికి మావాళ్ళు తగలడం మొదలెట్టారు. 'ప్లూక్' అంటే పల్లెటూరి మొద్దు. బ్రెటన్ ప్రాంతంలో 'ప్లూ'తో మొదలయ్యే ఊళ్ళు బోలెడు, ఆ ఊళ్ళవాళ్ళ మీద పుట్టిన మాట అది. 'బూజో' అంటే పేడగాడు. తెల్లారి మా అమ్మ కళ్ళాపి జల్లేది దేంతోనో వాళ్ళకేం తెలుసు? 'క్యు-తెరో' మరీ మోటు: ముడ్డికి మన్నంటినవాడు, అంటే రైతు. చదవగానే ఫక్కున నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నాట్లప్పుడు గట్టుమీద కూచుని అన్నం తిని లేస్తే, మా నాన్న పంచె వెనక ఉండేది ఆ మన్నే.

అన్నిటికన్నా పాతది 'విలాఁ'. లాటిన్‌లో 'విల్లా' అంటే పల్లెలో పొలంతో కూడిన లోగిలి. అక్కడ పనిచేసేవాడు 'విల్లానుస్'. మధ్యయుగాల్లో దొరలు ఆ మాటని ఈసడింపుగా వాడగా వాడగా దానికి నీచుడనే అర్థం స్థిరపడింది. ఇంగ్లీషు మీదుగా మన సినిమాలకి 'విలన్' అయి వచ్చింది. మన సినిమాల్లో మునసబు విలన్, పాలేరు హీరో. మాట పుట్టుక చూస్తే పాలేరే విలన్!

సంక్రాంతి సెలవుల్లో ఇవన్నీ నాన్నకి చెప్పాను, ఆ మన్ను తిట్టు తప్ప. పేడగాడు దగ్గర ఆయన కాసేపాలోచించి, "అక్కడ ట్రక్కు పేడ ఎంతకిస్తార్రా?" అన్నాడు.