పాత మకాన్‌కి కొత్త హమ్మామ్

పోయిన చలికాలంలో మా అమ్మీ గుసల్‌ఖానాకి పోతూ జారి పడింది. కడపలో మా దాదా కట్టించిన మకాన్ మాది. గుసల్‌ఖానా సహన్‌కి అవతల ఉంటుంది. ఫజర్‌కి ముందే వజూ చేసుకుందామని లేచింది, మంచుకు తడిసిన కడప బండ మీద కాలు పెట్టింది. ఎముక విరగలేదు, అల్‌హందులిల్లాహ్. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో జగడా మొదలైంది.

"దాలాన్ సగం కొట్టేసి అమ్మీ గదికి ఆనించి బాత్‌రూం కట్టేద్దాం," అన్నాడు భాయిజాన్. నేను అడ్డం పడ్డాను. ఆ దాలాన్‌లో టేకు స్తంభాలు దాదా దగ్గరుండి నిలబెట్టించినవి. మా అక్కచెల్లెళ్ళ నికాహ్‌లన్నీ వాటి మధ్యే అయ్యాయి. "నీకు అమ్మీ ముఖ్యమా, స్తంభాలు ముఖ్యమా?" అన్నాడు. జవాబు లేక, కోపంతో మాట్లాడటం మానేశాను. అట్లా ఉండగానే అమెరికా బయల్దేరాను, మా చిన్నమ్మాయి దగ్గరికి.

తను న్యూజెర్సీలో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో పని చేస్తుంది. అప్పుడు తన చేతిలో ఉన్న పని ఏమిటంటే, ఒక చెరువు ఒడ్డున ఉన్న వందేళ్ళ నాటి హోటల్‌కి కొత్తగా స్పా గీయడం. స్పా అంటే ఏమిటి బేటా అని అడిగితే, "మన హమ్మామే అమ్మీ, పేరు మారింది, రేటు పెరిగింది," అని నవ్వింది. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ గుంబదుల్లో హమ్మామ్ చూశాం కదా, వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ గోడల్లో వేరువేరు మట్టి గొట్టాలు ఉంటాయి, అదే ఇల్మ్ అంది.

గీయడానికి ముందు ఒక జాగా చూడాలని నన్నూ తీసుకుపోయింది. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన దాదాపు 90 మైళ్ళ దూరంలో, షావంగంక్ కొండల మీద మొహాంక్ మౌంటెన్ హౌస్. కొండ మీద చెరువు, దాని ఒడ్డునే పొడుగ్గా హోటల్. ఒకచోట రాయి, ఒకచోట కలప, పైన బురుజులు. 1869లో స్మైలీ అనే కవల సోదరులు అక్కడి చిన్న సరాయి కొన్నారు. తర్వాత దశాబ్దాల పాటు ఒక్కో భాగం చేరుస్తూ పోయారు. వాళ్ళు క్వేకర్లు. మొదట్లో అక్కడ షరాబ్ లేదు, పేకాట లేదు, నాచ్ లేదు. ఇది విని నాకు ఆ ఖాందాన్ మీద ఇజ్జత్ పెరిగిపోయింది. ఇప్పటికీ అది ఆ ఖాందాన్ చేతిలోనే ఉంది. 1986లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.

2005లో వాళ్ళు దీనికి స్పా కట్టారు. చిన్నదేం కాదు, దాదాపు 30 వేల చదరపు అడుగులు. కానీ కొత్తది ఎక్కడ మొదలైందో నా కంటికి వెంటనే ఆనలేదు. అదే కొండ రాయి, అదే కలప. మెహఫిల్‌లో బుజుర్గుల వెనక కూర్చున్న పిల్లాడిలా అదబ్‌గా ఉంది. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి ఆవిరి గదులు వేరువేరు. నా మోకాళ్ళకి ఆ వెచ్చదనంలో ఎంత సుకూన్ దొరికిందో చెప్పలేను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో బేటీ అసలు ముష్కిల్ చెప్పింది. పాత కట్టడానికి పెద్ద దుష్మన్ ఆవిరే. ఈత కొలను దగ్గరి వెచ్చటి తేమ గాలి పాత గదుల్లోకి దూరితే, చలికాలంలో చల్లటి గోడల లోపల నీరై, కలపని కుళ్ళబెడుతుంది. అందుకని కొలను గదిలో గాలి ఒత్తిడి పక్క గదులకంటే కాస్త తక్కువగా ఉంచుతారు. అప్పుడు గాలి అటు నుంచి లోపలికి వస్తుంది గానీ ఇటు నుంచి బయటికి పోదు. మధ్యలో రెండు తలుపుల చిన్న నడవా పెడతారు. కొత్త కట్టడానికి పునాది కూడా వేరే వేస్తారు, ఎందుకంటే పాతది ఎప్పుడో నేలలో కుదురుకుంది, కొత్తది ఇంకా కుదురుకోవాలి. రెంటినీ బిగించి కట్టేస్తే బీటలు పడతాయి. మధ్యలో సందు వదిలి, పైన మూత వేస్తారు.

"కొత్తది పాతదాని మీద వాలకూడదమ్మీ, తన కాళ్ళ మీద తాను నిలబడాలి," అంది.

ఆ రాత్రి తను గీసిన నక్షా చూపించింది. చెరువు వైపు నేల నుంచి కప్పు దాకా అద్దమే. ఖూబ్‌సూరత్‌గా ఉంది. కానీ అడిగాను: "బేటా, ఈ అద్దం వెనక తడి బట్టల్లో నేను కూర్చోవాలా? చెరువులో పడవల్లో వాళ్ళు చూడరా?" తను ఆలోచించి, జాలీ పెడతానంది. పగలు సరే, రాత్రి? మా నానీ ఇంట్లో జనానా కిటికీలకి జాలీలుండేవి. పగలు మేం వీధిని చూసేవాళ్ళం, వీధికి మేం కనపడేవాళ్ళం కాదు. మగ్రిబ్ అయ్యాక లోపల దీపం పెడితే అంతా తిరగబడేది, అందుకే వెంటనే పర్దాలు దించేవాళ్ళు. ఈ మాట ఏ కాలేజీలోనూ తనకి ఎవరూ చెప్పలేదట.

నక్షా మార్చింది. కొలనుని కిటికీ గడప కంటే కిందికి దించింది. నీళ్ళలో కూర్చున్నవాళ్ళకి చెరువు కనపడుతుంది, బయటివాళ్ళకి వాళ్ళు కనపడరు. దీపాలు నేలకి దగ్గరగా పెట్టింది. ఆఫీసులో పెద్దాయన అది చూసి ఒప్పుకున్నాడని రెండు రోజుల తర్వాత చెప్పింది. "హయా కూడా డిజైనేనమ్మీ," అంది.

అప్పుడు నాకు మా జగడా గుర్తొచ్చింది. ముక్కూ మొహం తెలియని మెహమాన్‌ల ఒంటి గురించి ఇంత ఫికర్ చేశాం. మరి అమ్మీకి ఏం కావాలో నేనూ భాయిజానూ ఒక్కసారైనా అడిగామా? నేను స్తంభాల కోసం, వాడు కొట్టేయడం కోసం కొట్లాడాం. వెంటనే ఫోన్ చేశాను.

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "రాత్రి ఎవర్నీ లేపకుండా పోయి రావాలె బేటీ. కోడలు నా చెయ్యి పట్టుకోని తలుపు దగ్గర నిలబడితే నాకు షరమ్ అయితాది."

ఇంతే. దాలాన్ కొట్టాల్సిన పనే లేదు. అమ్మీ గది వెనక గోడకి అవతల పాత కట్టెల కొట్టు ఉంది. దాని జాగాలో వేరే పునాది మీద చిన్న గుసల్‌ఖానా, గదిలోంచి ఒక తలుపు, జారని గరుకు బండ, పట్టుకోవడానికి కడ్డీ, లోపల గడియ, ఆవిరి పోవడానికి పైన కిటికీ. బేటీ గంటలో గీసి భాయిజాన్‌కి పంపింది. వాడు నాకు ఫోన్ చేసి, "ఈ కొట్టు ఇన్నాళ్ళూ మన కళ్ళకి కనపడలేదేందే?" అన్నాడు. నాలుగు నెలల తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది.

రంజాన్‌కి ముందే పని అయిపోయింది. అమ్మీ ఇప్పుడు సహరీకి ఒక్కతే లేస్తుంది, లోపల గడియ పెట్టుకుంటుంది.