ఒక ముఖచిత్రం కథ

ఈ సంచిక అట్టను చూచి “ఇంతేనా?” అనుకొన్న మిత్రులు కొందరుండవచ్చు. ఒక ఇప్పచెట్టు, దాని నీడలో వంగి పూలు ఏరుకొంటున్న ఇద్దరు స్త్రీలు, నిండుగా రెండు గంపలు. అంతకుమించి అందులో ఏమీ లేదు. అడవి బిడ్డలను గురించిన ముఖచిత్రం కావాలని సంపాదకవర్గం వారు నన్ను కోరినప్పుడు నేను మొదట వేసిన బొమ్మ ఇది కాదు. ఆ మొదటి బొమ్మ ఏమైనదో, ఈ బొమ్మ ఎట్లా వచ్చినదో సహాధ్యాయులకు చెప్పుకోవడం నా ధర్మమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మొదటి బొమ్మను నేను రెండు రాత్రులలో పూర్తి చేశాను. తలపాగాలో నెమలి ఈకలు, మెడలో పూసల దండలు, భుజాన వేరుముక్కల మూట, చేతిలో విల్లు, వెనుక మండుతున్న నెగడు. క్రింద పెద్ద అక్షరాలతో ‘కోయదొర’ అని వ్రాశాను. రంగులు బాగా కుదిరాయి. చూచినవారందరూ మెచ్చుకొన్నారు. ఆ మెప్పుతో ఉబ్బిపోయి, దానిని వసతిగృహంలో ఉండే ఒక మిత్రునికి చూపించాను. అతనిది దుమ్ముగూడెం మండలంలో అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెం. అతడు మెచ్చుకొంటే నా బొమ్మకు రాజముద్ర పడినట్లేనని నా ఆశ.

అతడు చాలాసేపు చూచాడు. తరువాత నెమ్మదిగా, “బొమ్మ బాగుంది. కాని ఇందులో మా నాన్న ఎక్కడ ఉన్నాడు?” అని అడిగాడు.

ఆ ప్రశ్నలో కోపం లేదు. ఉండి ఉంటే నేను వాదించేవాడిని. అతని తండ్రి వరి, మిరప పండించే రైతు. ప్యాంటు, చొక్కా వేసుకొని కొడుకు ఫీజు కట్టడానికి మా కళాశాలకు రెండుసార్లు వచ్చిన మనిషి. నేను ఆయనకు నమస్కారం కూడా చేశాను. అయినా ‘కోయ’ అనే మాట వినగానే నా కుంచెకు ఆయన గుర్తు రాలేదు.

మరి నా కుంచెకు గుర్తు వచ్చిన ఆ దొర ఎవరు? ఆలోచిస్తే సిగ్గు కలిగింది. చిన్నతనంలో ఖమ్మం వీధులలో ఈకల తలపాగాతో వచ్చి, “అమ్మా, నీ ముఖాన రాత చెప్తా” అంటూ వేరుముక్కలు అమ్ముకొన్న వేషధారి అతడు. పాత చలనచిత్రాలలో నాయకుడు మారువేషంలో ప్రవేశించడానికి ధరించే దుస్తులు అతనివి. పొట్టకూటికి ఆ వేషం కట్టే పేదలను నేను తప్పు పట్టడం లేదు. కాని గోదావరి తీరాన నాగలి పట్టిన కోయవారికీ ఆ జోస్యానికీ ఏమి సంబంధం? ఇంట్లో ఉర్దూ మాట్లాడి, కళాశాలలో తెలుగు వ్రాసే మాబోటివారిని సినిమాలలో ఏ వేషంలో, ఏ యాసలో చూపిస్తారో మాకు తెలుసు. ఆ బాధ తెలిసిన నేనే మరొకరికి అదే వేషం తొడిగాను.

బొమ్మను చుట్టి అటక మీద పెట్టి, గ్రంథాలయానికి వెళ్ళాను. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను గురించి అక్కడే తెలుసుకొన్నాను. రెండవ ప్రపంచయుద్ధకాలంలో నిజాం సంస్థానం దాటి వెళ్ళే వీలులేక, ఆయన ఇక్కడి అడవులలోనే చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య నివసించి పరిశోధన చేశాడు. గోదావరి కొండల రెడ్లను గురించి ఆయన వ్రాసిన ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో అచ్చయింది. నేను ఈకలకోసం, నగలకోసం ఆ పుటలు తిప్పితే, కలప వ్యాపారుల చేతులలో కొండరెడ్లు పడిన కష్టాలు ఎదురైనాయి. కోయవారు తమను తాము ‘కోయ్‌తూర్’ అని పిలుచుకొంటారనీ, ఆ మాటకు ‘మనుషులు’ అని అర్థమనీ, వారి భాష గోండికి దగ్గర చుట్టమైన ద్రావిడ భాష అనీ తెలిసింది. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్యను ఆరంభించినప్పుడు అందులో కోయభాష కూడా ఉన్నది. నా మిత్రుడు రెండేండ్లుగా నా ప్రక్క బల్లమీద కూర్చొంటున్నాడు. అతనికి మరొక భాష ఉన్నదని నేను ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు.

పుస్తకాలు చాలవని గ్రహించి, “మీ ఊరు తీసికొని వెళ్తావా?” అని అతన్ని అడిగాను. “ఇప్పపూలు రాలే రోజులలో రా” అన్నాడు.

ఫాల్గుణం చివర బయలుదేరాము. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన దాటుతుండగా ఆలయ గోపురం కనిపించింది. అక్కడి సీతారాముల విగ్రహాలను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం చెబుతుంది. గుడి కట్టించిన కంచర్ల గోపన్న కథలో గోల్కొండ తానీషా ఉన్నాడు. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆ ప్రభువు కాలంనాటిదని అంటారు. ఈ కథలు మనకు నోటికి వచ్చు. కథలోని దమ్మక్కకు చేతులు జోడిస్తాము. వంతెన దాటిన తరువాత ఆమె వారసులు ఎట్లా జీవిస్తున్నారో మాత్రం అడగము.

దారిలో మిత్రుడు తన బంధువుల ఊళ్ళు చెప్పుకొంటూ వచ్చాడు. భద్రాచలం తాలూకా 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, తరువాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా చింతూరు, కూనవరం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. “మేము ఎక్కడికీ పోలేదు. మా మామ చింతూరు దగ్గరే ఉన్నాడు, మేము ఇక్కడే ఉన్నాము. ఇప్పుడు పెండ్లికి పోవాలంటే వేరే రాష్ట్రానికి పోవాలి” అని నవ్వాడు. వారి బొమ్మలనే కాక, వారి ఊళ్ళ హద్దులను కూడా ఇతరులే గీస్తూ వచ్చారని నాకు అప్పుడు తోచింది.

గూడెంలో మట్టిగోడల ఇండ్లు, వెదురు దడులు, అలికిన వాకిళ్ళు. తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే స్త్రీలు గంపలతో బయలుదేరారు. మేమూ వారి వెంట నడిచాము. చెట్ల క్రింద నేల ముందే ఊడ్చి శుభ్రంగా ఉంచుకొన్నారు. రాత్రంతా రాలిన ఇప్పపూలు ఆ నేలమీద తెల్లగా పరచుకొని ఉన్నాయి. ఇప్ప అంటే సారా అని మాత్రమే నాకు తెలుసు. ఎండబెట్టిన పూలను వండుకొని తింటారనీ, గింజలనుండి నూనె తీస్తారనీ, మిగిలినవి సంతలో అమ్మితే ఇంటి ఖర్చులు గడుస్తాయనీ ఆ ఉదయమే తెలిసికొన్నాను. ఎండ ముదిరేలోపల గంప నింపడం ఎంత నడుమునొప్పి పనియో నేను పావుగంటసేపు వంగి తెలిసికొన్నాను.

మిత్రుని ఇంటి దూలానికి గుడ్డలో చుట్టిన కొమ్ముల జత వ్రేలాడుతున్నది. అవి కోయ నృత్యంలో తలకు ధరించే అడవిదున్న కొమ్ములు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత కొత్తవి సంపాదించే దారి లేదు. ఉన్నవాటినే తండ్రినుండి కొడుకు అందుకొని కాపాడుకొంటున్నారు. “పెండ్లిళ్ళకు, పండుగలకు ఇవి దించుతాము. మంత్రులు వచ్చినప్పుడు కూడ దించమంటారు” అన్నాడు మిత్రుడు. నేను సంచిలోనుండి చిత్తుపుస్తకం తీయబోయి, మళ్ళీ లోపల పెట్టుకొన్నాను.

కాని నాకు అసలైన పరీక్ష మరునాడు ఎదురైంది. పొరుగు గూడెంలో డోలీ వాయించే పెద్దాయన ఒకరున్నారు. డోలి కోయలు ఇంటిపేర్ల వంశచరిత్రలను, గట్టుల పుట్టుకను, సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడే విద్వాంసులు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన పరమపదించారు. ఈ గాయకుల దగ్గర ‘పడిగె’లనే పొడవైన గుడ్డ పతాకాలు ఉంటాయి. వాటిమీద పూర్వీకుల కథలు గుడ్డముక్కలతో బొమ్మలుగా కుట్టి ఉంటాయి. ఆ కుట్టుపని అంచుగా వేస్తే నా ముఖచిత్రానికి ఎంత శోభ వస్తుందో అని నేను దారి పొడుగునా ఊహించుకొన్నాను.

పెద్దాయన నా కోరిక విన్నాడు. మిత్రునితో కోయభాషలో కొంతసేపు మాట్లాడి, తరువాత నాతో తెలుగులో అన్నాడు: “కొలుపు నాడు రా బాబూ, అప్పుడు విప్పుతాము. కథ చెప్పకుండ విప్పితే అది ఒట్టి గుడ్డ.”

“ఒక్క అంచు చూచి వేసుకొంటాను తాతా, కాలేజీ పుస్తకం మీద” అని బ్రతిమాలాను.

“మీ పుస్తకం చదివినంక ఎక్కడ పెడతారు?” అని ఆయన అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. క్రిందటేటి మన సంచిక పుటను నేను బజ్జీల బండి దగ్గర స్వయంగా చూచాను. అందులో మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చారు. ఆ పుటమీద ఆ పెద్దాయన ముత్తాతలు ఉండి ఉంటే? నేను తల వంచుకొని, చేతులు జోడించి లేచాను. ఆయన నవ్వి, తాటిముంజలు కోయించి పెట్టి పంపించాడు.

ఆ రాత్రి మిత్రుని తండ్రి నా దగ్గరకు వచ్చి కూర్చొన్నాడు. “నువ్వు బొమ్మలు బాగా వేస్తావట గదా బాబూ. నాకొకటి వేసి పెడతావా?” అని అడిగాడు. తన రూపచిత్రం కోరుతున్నాడని అనుకొని సంతోషించాను. ఆయన పెట్టెలోనుండి ఒక ప్లాస్టిక్ సంచి తీసి, అందులోని కాగితాలు జాగ్రత్తగా పరచాడు. ఆయనకు రెండు చెలకలున్నాయి. ఒకదానికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం క్రింద పట్టా వచ్చింది. వాగు అవతలి చెలకకు రాలేదు. ఆ భూమి 2005 డిసెంబరు 13కు ముందునుండీ తమ సాగులో ఉన్నదని గ్రామసభ ముందు చూపించాలి. పెద్దల వాఙ్మూలం, నేలమీది గుర్తులు కూడా సాక్ష్యంగా చెల్లుతాయని ఎవరో చెప్పారు. “గుర్తులన్నీ నాకు తెలుసు. కాగితం మీద పెట్టడం రాదు” అన్నాడాయన.

తెల్లవారగానే ఇద్దరం వాగు దాటాము. ఆయన అంగలు లెక్కపెడుతూ నడిచాడు, నేను వ్రాసుకొన్నాను. తూర్పున ఇప్పచెట్టు. దక్షిణాన వాగు. పడమట తన తండ్రి సమాధి రాయి. ఉత్తరాన పాత పుట్ట, దానినుండి కట్టిన గట్టు. నేను వాగును వంకరలు తిప్పి అందంగా గీశాను. ఆయన వేలు పెట్టి, “కాదు బాబూ, వాగు ఇక్కడ వంగదు. ఆ బండ దాటినంక వంగుతది” అన్నాడు. చెరిపి మళ్ళీ గీశాను. సమాధి రాయి రెండు అంగలు ఇవతలికి పడింది. అదీ చెరిపి దిద్దాను. అన్నాళ్ళూ బొమ్మ వేసేటప్పుడు రంగు కుదిరిందా, చూపరులు మెచ్చుకొంటారా అనే చింతయే నాది. గీత ఒక్కటి తప్పితే ఒక మనిషి చెలక పోతుందనే భయంతో ఆనాడే మొదటిసారి బొమ్మ వేశాను. మధ్యాహ్నానికి అది పూర్తయింది. ఆయన దానిని ఇటూ అటూ త్రిప్పి చూచి, “ఇది మాదే” అన్నాడు. మిత్రుడు నావైపు చూచాడు. అతని తండ్రి ఏ బొమ్మలో ఉన్నాడో ఇద్దరికీ తెలిసింది.

ఖమ్మం తిరిగి వచ్చే ముందు ఇప్పచెట్టు దగ్గర స్త్రీలను అడిగాను: “మిమ్మల్ని, ఈ చెట్టును మా పుస్తకం మీద వేసుకోవచ్చునా?” వారు ఒకరి ముఖం ఒకరు చూచుకొని నవ్వారు. “వేసుకో. గంపలు మాత్రం నిండుగ వెయ్యి” అన్నారు. ముఖాలు గుర్తు పట్టకుండా వంచి వేశాను. గంపలు నిండుగానే వేశాను. ఈకలు, నెగడు, విల్లు లేని ఈ సాదా బొమ్మను మన్నించి స్వీకరించిన సంపాదకవర్గానికి కృతజ్ఞుడను.

నేను ఇంతవరకు వేసిన బొమ్మలలో మంచిది ఈ సంచికలో లేదు. అది ఒక ప్లాస్టిక్ సంచిలో, పట్టా కాగితం ప్రక్కన, గ్రామసభ కోసం ఎదురుచూస్తున్నది.