డీసీఎం అనే మాట

ఫిబ్రవరి 4
ఖాజాగూడలోనే ఓ వీధి నుంచి ఇంకో వీధికి ఇల్లు మారుతున్నాం. "అరగంటల డీసీఎం వస్తది సార్" అన్నాడు సామాన్లు దించే అబ్బాయి. వచ్చిన బండి మీద ఐషర్ అని ఉంది. హైదరాబాదులో చిన్న లారీ ఏదైనా డీసీఎమ్మే. పేపర్లో కూడా ‘డీసీఎం బోల్తా’ అనే రాస్తారు.

ఫిబ్రవరి 6
డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పుట్టిన బట్టల మిల్లు. ఎనభైల్లో టయోటాతో కలిసి ఉత్తరప్రదేశ్ సూరజ్‌పూర్‌లో చిన్న లారీలు తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత దేవూ కంపెనీ చేతికి పోయింది. పేరు మాత్రం మన నోట నిలిచింది.

ఫిబ్రవరి 9
ఆ రోజుల్లోనే చిన్న లారీల కోసం మిత్సుబిషి ఐషర్‌తో, మాజ్దా పంజాబ్ స్వరాజ్‌తో, నిస్సాన్ మన ఆల్విన్‌తో చేతులు కలిపాయి. 1942లో, నిజాం కాలంలో మొదలైన సనత్‌నగర్ ఆల్విన్! ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసిన చేతులు. లారీల ఫ్యాక్టరీని జహీరాబాద్‌లో పెట్టారు. బండి పేరు క్యాబ్‌స్టార్.

ఫిబ్రవరి 13
మా ఖాజాగూడ టవర్లకు ఎన్ని ఇంగ్లీషు పేర్లో. ఆటో ఎక్కితే మాత్రం ‘ఖాజాగూడ చెరువు దగ్గర’ అనే చెప్పాలి. పదిమంది పలికిందే పేరు.

ఫిబ్రవరి 16
రష్యాలోనూ ఇంతే. 1929లో సోవియట్ ప్రభుత్వం ఫోర్డ్‌తో ఒప్పందం చేసుకుంది. 1932 జనవరిలో నిజ్నీ నోవ్‌గొరొద్‌లో తొలి లారీ బయటికొచ్చింది. నమూనా ఫోర్డ్ ఏఏ. మోసేది టన్నున్నర కాబట్టి జనం దాన్ని ‘పొలుతోర్కా’ అన్నారు, అంటే ఒకటిన్నర. 1941 చలికాలంలో, ముట్టడిలో ఆకలితో ఉన్న లెనిన్‌గ్రాడ్‌కు గడ్డకట్టిన లదోగా సరస్సు మీదుగా పిండి చేరవేసింది ఈ బండే. మంచు విరిగితే దూకేందుకు డ్రైవర్లు తలుపులు తెరిచే నడిపేవాళ్లు. డ్రాయింగులు అమెరికావి, ప్రాణాలు వాళ్లవి. అందుకే బండి వాళ్లదైంది.

ఫిబ్రవరి 22
ముంబై హైవే మీద జహీరాబాద్ వెళ్లొచ్చాను. ఎనభైల చివర్లో ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. పని ఆగలేదు, అది సంతోషం. కానీ ఢిల్లీ మిల్లు పేరు రోజూ పలికే మనం, మన దగ్గరే పుట్టిన లారీ పేరు మరిచిపోయాం.

ఫిబ్రవరి 23
మీ ఇంట్లో ఆల్విన్‌లో పనిచేసిన పెద్దలుంటే, ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చోండి. ఏ విభాగంలో చేశారో, ఏం బిగించారో అడిగి రాసిపెట్టండి. క్యాబ్‌స్టార్ జహీరాబాద్ బండి.